భట్టీ పలకలు అలికిన కొమురవ్వ

ఏమన్నవు సంధ్యా, మీ అమ్మమ్మ ప్లేగుతోని పోయిందా? ఎవలు చెప్పిండ్రు, మీ అమ్మనేనా? కూసో గిట్ల. కొమురవ్వకు ప్లేగు లేదు గీగు లేదు. ఆమెతోని ఒక్క భట్టీల పనిచేసినోన్ని, నాకు తెల్వదా? మీ తాత సోమలింగం, నేను, బట్ట నేసే సాంచెల పనికనే పోయినం సూరత్‌కు. అప్పట్ల మనోళ్లు సగం ఊరు ఆడనే ఉండె. ఒక్క రూముల పదిమందిమి పండుకునేది, ఒకడు డ్యూటీకి లేస్తె ఇంకొకడు అదే చాపల ఒరిగేది... ఆఁ, ఏం చెప్తున్న? సోమలింగం చెయ్యి. సాంచె బెల్టుల పడి ఆయన చేతి ఏళ్లు నలిగిపోయినయి. మీ అమ్మ పద్మారాణి ఇంక గౌను తొడుక్కునే పోరి. ఇగ ఇల్లెట్ల గడవాలె? నేను అప్పటికే సాంచెలిడిసి భేస్తాన్ దిక్కు ఓ కప్పుసాసర్ల కార్ఖానల కప్పులు కాల్చే భట్టీ పేర్చుతున్న. కొమురవ్వ గూడ ఆడికే వచ్చింది, పలకలు పూసే పనికి.

పలకలంటె నీకేం తెలుస్తది. భట్టీల కప్పులు ఊకనే కుప్ప పోస్తరనుకున్నవా? లోపట మందపు పలకలుంటయి. పలక మీద కప్పులు పేర్చి, మూలమూలకు గుంజలు నిలబెట్టి, ఇంకో పలక, మల్ల కప్పులు, గట్ల పైదాంక అంతస్తులు. కప్పులకుండే మెరుగు మంటకు కరిగి కారిందనుకో, కప్పు పలకకు అతుక్కపోతది, రెండూ ఖరాబ్. అందుకని తెల్లమట్టి, తెల్లరాయి పొడి నీళ్లల్ల చిక్కటి మజ్జిగ తీరు కలిపి పలకకు కుంచెతోని పల్చగ పూస్తరు. మీది దిక్కే పూయాలె. అంచులు ఇడువాలె, కింది దిక్కు అసలే ముట్టద్దు. గుంజలకు రెండు కొసలు అద్దితె చాలు. మిస్త్రీ హిందీల గిదంత చెప్పిండట, ఆమె తలకాయ ఊపిందట. నేను ఆ దినం లేను, వడోద్‌ల మా చుట్టాలింట్ల పెండ్లికి పోయిన. ఆమె ఏమో మనూరి ఆడామె, వాకిలి అలికిందంటె గడప సందు గూడ ఇడువది. సగం అలికి సగం ఇడిస్తె పనికి దొంగ అంటరని రంది. కుంచె పక్కకు పెట్టి, గుడ్డ ముంచి, కింద, మీద, అంచులు, గుంజలు, అన్ని మందంగ అలికి పెట్టింది. అందరికంటె మంచిగ చేసిన అనుకున్నదామె.

భట్టీ తెరిస్తె ఏమున్నది, కింది దిక్కు పూత పెచ్చులు పెచ్చులు రాలి కింది కప్పులల్ల పడి మెరుగుల అతుక్కున్నది. ఒక్క కప్పు సక్కగ లేదు. సేఠ్ పలక తిరగేసి చూసి 'ఆ కోణే కర్యుం' అన్నడు, ఇది ఎవల పని అని. మెల్లగనే అడిగిండు. ఒర్రితె నయముండు. కొమురవ్వ ముంగటికొచ్చి, పని తియ్యకు సేఠ్, ఏ పనైన చేస్త అన్నది. గా మాటనే పట్టుకున్నడు వాడు, గోకే పనిల పెట్టిండు. పాత పూత మొత్తం గోకితేనే కొత్తది పట్టుకుంటది బిడ్డా. ఇనుప పట్టితోని గీకి రాయితోని రుద్దాలె. నీళ్లు చల్లి గీకితె దుమ్ము లేవది. కని తడిసిన పలక మంటల పెడితె పగులుతది, ఆరేదాంక ఆగాలె. ఆగే ఓపిక సేఠ్‌కు యాడిది, పొడిగనే గీకుమన్నడు. రేకుల షెడ్డు, గాలి సొరది. పొద్దుమీకి బయటికొస్తె పిండి గిర్నీలకెళ్లి వచ్చినట్టు నెత్తి, రెప్పలు, అన్ని తెల్లగ. 'ముసలిదాన్నైన సూడు పరుశురామన్నా' అని నవ్వేది. తర్వాత నవ్వితె దగ్గొచ్చేది, నవ్వుడు బందు పెట్టింది. దవాఖాన్ల టీబీ అన్నరు, గోలీలిచ్చిండ్రు. రాయి పొడి గోలీలకు కరుగుతదా? బొక్కల గూడైంది, అయినా పనికి నాగ పెట్టలే. పెడితె ఇంకో మనిషిని తెచ్చుకుంటడని భయం.

గప్పుడొచ్చింది సూరత్‌కు ప్లేగు. ఊరు ఊరంత స్టేషన్ల మీద పడ్డది. ముక్కుకు బట్ట కట్టుకోనోడు లేడు. ఎవడన్న దగ్గితె పక్కోడు గజం దూరం ఉరుకుతున్నడు. వాళ్ల ముగ్గుర్ని రైలెక్కిద్దామని నేను ఉధ్నా స్టేషన్‌కు పోయిన. ఎట్లనో లోపటికి తోసిన. కొమురవ్వ కొంగు నోట్లె కుక్కుకోని కూసున్నది. ఎంతసేపు ఆపుతది, ఒక్కపారి దగ్గు తెగిందంటె ఇగ ఆగలే. 'ప్లేగుది, దింపుండ్రి' అని లొల్లి. ఎవలనుకున్నవు, పరాయోళ్లు గాదు, మన సాంచెల పనోళ్లే, అక్కా అక్కా అని ఆమె చేతి బువ్వ తిన్నోళ్లే. సోమలింగం దండం పెట్టిండు, భట్టీ దుమ్ము అయ్యా, అంటుకునేది గాదు అని. ఎవడు ఇంటడు? ముగ్గుర్ని దింపుతమన్నరు. గా లొల్లిల మీ అమ్మ, చిన్న పోరి గదా బిడ్డా, భయపడ్డది. అవ్వ చెయ్యి ఇడిసి తాత ఎనుకకు జరిగింది. కిటికీలకెళ్లి నేను చూసిన. కొమురవ్వ గూడ చూసింది. ఇగ లేసింది. 'మీరు పోండ్రి, నేను ఎనుక బండికొస్త' అని దిగింది. బండి కనబడకుంట పోయేదాంక దగ్గలే. పోయినంక ఆడనే కూలబడి దగ్గింది సూడు... దీపావళి దాంక గూడ బతకలే.

ఊళ్లె అందరికి నేనే చెప్పిన, దుమ్ముతోని పోయిందని. మీ అమ్మకు గూడ చెప్పిన. ఆమె ఇనదు, ప్లేగే అంటది. నాకు కోపమొచ్చేది, కన్నతల్లిని గట్ల అంటదేందని. ఇప్పుడు నువ్వడిగితె అనిపిస్తుంది... ప్లేగైతె ఆ పోరి అవ్వ చెయ్యి ఇడుసుడు తప్పు గాదు గదా. దుమ్మైతె...

ఊఁ. జర ఆ కిటికీ మూయి బిడ్డా, జల్లు లోపటికొస్తుంది.