ముందు విస్తరి కడుపుతో ఉన్నదానికే

సభాసదులారా, సోదరీమణులారా, మా వీధి బిడ్డలారా!

నేటి ఈ సభ సంతాప సభ. బాలకోటయ్య శ్రేష్ఠి గారి ధర్మపత్ని, మాచర్ల బజారు వీధికంతటికీ పెద్దదిక్కు, నాగరత్నమ్మ గారు పరమపదించారు. నిన్నటితో పెద్దకర్మ ముగిసింది. పోయినవారికి చేయవలసినది శాస్త్రోక్తంగా చేశాము. ఇక మిగిలినది ఉన్నవారికి చేయవలసినది. సంతాప సభ అంటే అదే కదా! పోయినవారు మన చేత చేయించిన పనిని, ఇక మనంతట మనం చేయగలమో లేదో తేల్చుకోవడమే వారిని తలచుకోవడం.

ఆ పరీక్ష మనకు అప్పుడే వచ్చిపడింది. దాచడమెందుకు? ఆ తెర వెనుక, స్త్రీల నడుమ, నాగరత్నమ్మ గారి కోడలు శివపార్వతి కూర్చుని ఉన్నది. ఎనిమిదో నెల. అత్తగారు కన్నుమూసిన నాటి నుంచి ఆ పిల్ల సరిగా అన్నం ముట్టడం లేదు. రెండు మెతుకులు కతికి విస్తరి మడిచేస్తున్నది. అత్త పోయిందని కోడలు తిండి మానడం నేను చదివిన పురాణాలలో ఎక్కడా లేదు! అయినా మన వీధిలో జరిగింది. అమ్మా శివపార్వతీ, నేను మాట్లాడేది పేరుకు సభతో. నిజానికి నీతో.

ఎవరీ నాగరత్నమ్మ గారు? వేదం చదివారా? లేదు. వైద్యం నేర్చారా? లేదు. ఆమెకు తెలిసిన ధర్మసూత్రం ఒక్కటే: "కడుపుతో ఉన్నదానికే ముందు విస్తరి." మగవారు తిని, అత్తలు తిని, చివరకు కుండ అడుగున మాడు గోకి కోడలికి పెట్టడం మన ఆచారం. ఆ ఆచారాన్ని ఆమె చేతికర్రతో మార్చారు. మధ్యాహ్నవేళ వీధిలో ఆ కర్ర చప్పుడు వినబడితే చాలు, పీటల మీద కూర్చున్న మొగుళ్ళు దొంగల్లా లేచి నిలబడేవారు! ఒక ఇంటి మజ్జిగ, ఒక ఇంటి మునగాకు, మరో ఇంటి నువ్వులుండలు, ఎవరికి ఏది కలిగితే అది గర్భిణి ఉన్న ఇంటికి చేరవలసిందే. యుద్ధం రోజులలో బియ్యం దొరకకపోతే సజ్జరొట్టె అయినా సరే, వేడిది, ముందు ఆమెకే. సాయంత్రం చల్లబడ్డాక చంద్రవంక వాగు ఒడ్డు దాకా నడక. పగటిపూట ఒక కునుకు. ఆ కునుకు దగ్గరే వీధిలోని అత్తలందరూ ఆమె మీద తిరగబడ్డారు. "మేం ఎప్పుడన్నా నడుం వాల్చామా?" అని అడిగారు. "వాల్చలేదు గాబట్టే మీకిట్టాంటి బుద్ధులొచ్చినయ్" అన్నారు నాగరత్నమ్మ గారు.

అత్తలు సరే, మగవారు ఊరకే వింటారా? వినరు. అందుకు ఆమె ఒక ఉపాయం పన్నారు. ఏ మాట చెప్పినా చివర "శాస్త్రంలో ఉంది, పంతులుగారిని అడుక్కో" అనేవారు. ఆ పంతులును నేనే! వేసవిలో బావులు ఎండితే మనం చంద్రవంక ఇసుకలో చెలమలు తీసి నీళ్ళు తెచ్చుకుంటాము. నిండు చూలాళ్ళు ఆ దూరం బిందెలు మోసుకొస్తుంటే ఆమె చూడలేకపోయారు. "ఆరో నెల వచ్చినకాడి నుంచి మొగుడే కావడి మొయ్యాల. శాస్త్రంలో ఉంది" అన్నారు.

మర్నాడు తెల్లవారేసరికి మా అరుగు నిండా మొగుళ్ళు. "ఏంది పంతులుగారూ, ఆడదాని కడుపుకీ మా భుజానికీ సంబంధమేంది? ఏ శాస్త్రంలో ఉందండీ ఇది?" అని నిలదీశారు. ఏమి చెప్పను? ఉంది అంటే అసత్యదోషం. లేదు అంటే నాగరత్నమ్మ గారు! నేను కళ్ళు మూసుకుని, "నేను చూడని శాస్త్రాలు చాలా ఉన్నాయి నాయనలారా" అన్నాను. అది సత్యమే! వీధిలో కావడులు లేచాయి. నా పాండిత్యానికి అంతటి ఫలితం అంతకు ముందెన్నడూ కలగలేదు. ఆ మరుసటి ఏడు మా కోడలు నెల తప్పింది. ఒకనాడు మా గుమ్మానికి ఒక కావడి చేరవేసి ఉన్నది. పక్కనే నాగరత్నమ్మ గారు. మా అబ్బాయిని పిలిచి, "మీ నాయన చూడని శాస్త్రం ఇదిగో అబ్బాయా, భుజానికెత్తుకో" అన్నారు.

ఒకసారి నేనే నోరు జారాను. కడుపుతో ఉన్న మన ఆడపిల్లలు గోడసున్నం గీకి తింటున్నారని ఆమె మండిపడుతున్న రోజులవి. "అమ్మా, కావ్యాలలో రాణులు సైతం గర్భవతులై మన్ను తిన్నారు" అని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూశారు. "రాణులు మన్ను తిన్నాక పాయసం కూడా తినుంటారు. మా పిల్లలకి సున్నమే గతి. ఈ కావ్యం మా వీధిలో చెప్పమాకండి" అన్నారు. నేటి వరకు చెప్పలేదు.

ఇక ఇస్మాయిల్ సంగతి. ఇత్తడి పాత్రలకు కళాయి పూసే మన ఇస్మాయిల్ అడుగో, అప్పుడే తల వంచుకుంటున్నాడు! అతని భార్య సాబిరాకు రెండు కాన్పులు నిలువలేదు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు ఎండుపుల్లలా ఉండేది. అత్తగారు హజ్రా బీ కోళ్ళు పెంచేది గానీ గుడ్లు బజారుకు పోయేవి. నాగరత్నమ్మ గారు వెళ్ళి, "ఏమే హజ్రా, రోజూ ఒక గుడ్డు నీ కోడలి నోట్లోకి పోవాల" అని ఆజ్ఞాపించారు. జన్మలో గుడ్డును చూడని శాకాహారి ఆమె! తిన్నట్లు ఎలా తెలియాలి? పెంకులు పిట్టగోడ మీద పెట్టమన్నారు. రోజూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఆమడ దూరం నుంచి ఆ పెంకుల దర్శనం చేసుకుని వెళ్ళేవారు.

పెంకులు పెరుగుతున్నాయి. సాబిరా మాత్రం పెరగడం లేదు. ఇంతలో నాగరత్నమ్మ గారు గంగాళం కళాయికి పంపారు. కళాయివాడు ఏమి చేస్తాడు? పాత్రలో ఇసుక పోసి, అందులో నిలబడి, నడుము తిప్పుతూ కాళ్ళతో తోముతాడు. ఇస్మాయిల్ గంగాళంలో దిగాడు. నాలుగు తిప్పులు తిప్పాడు, రొప్పుతూ ఆగాడు. నాగరత్నమ్మ గారి చూపు అతని పొట్ట మీద ఆగింది. "ఒరేయ్ ఇస్మాయిలూ! నెలలు నిండేది నీ పెళ్ళానికా, నీకా?" బజారంతా గొల్లుమన్నది. "దానికి వాసన పడదు పెద్దమ్మా! పారేస్తే పాపం గదా!" అని అతడు గంగాళంలో నుంచే విన్నవించుకున్నాడు.

మర్నాటి నుంచి ఆమె స్వయంగా వెళ్ళి, హజ్రా బీ గుమ్మంలో వీపు అటు తిప్పి కూర్చునేవారు. "మిరియం జల్లుకుని తిను. తింటా మాట్లాడు. నోటి నిండా ఉన్నట్టు నాకు వినపడాల" అనేవారు. భోజనవేళ మౌనం పాటించాలన్నది నేను చూసిన శాస్త్రమే. అయినా ఊరుకున్నాను. సాబిరాకు చెప్పుకోవడానికి ఏముంది? అత్తగారి మీద ఫిర్యాదులు తప్ప! రోజుకొకటి చెప్పేది. లోపల హజ్రా బీ అన్నీ వినేది. నెల తిరిగేసరికి ఆమే వేడివేడి రొట్టెలు చేసి, "ఇంక నా మీద చెప్పేదేమన్నా ఉందామ్మా?" అని వడ్డించడం మొదలుపెట్టింది. ఆ కాన్పు నిలిచింది. ఇందాకటి నుంచి నా ఉత్తరీయం లాగుతున్న ఈ జైనాబే ఆ బిడ్డ.

ఇంత పట్టుదల ఎందుకమ్మా అని ఒకనాడు అడిగాను. శివపార్వతీ, ఈ మాట ఆమె నీకు చెప్పి ఉండరు. ఆమె పెద్దకూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ పెరిగితే కాన్పు కష్టమని, పిడికెడే పెట్టమని పెద్దలు చెప్పారు. "కొట్టు నిండా బియ్యం బస్తాలు పంతులుగారూ. నా పిల్లకి పిడికిట్లో కొలిచి పెట్టాను. ఇంకొంచెం పెట్టమ్మా అనేది. పెట్టలేదు. కాన్పు తేలిగ్గానే అయింది. పిల్లే తట్టుకోలేకపోయింది." అంతే చెప్పారు. కర్ర తీసుకుని వెళ్ళిపోయారు.

అమ్మా! ఆ తల్లి మరొక్క ఆకలిని చూడలేక వీధి వీధంతా కర్ర పట్టుకు తిరిగింది. ఆమె ఇంట, ఆమె కోడలు, ఆమె పేరు మీద పస్తుండడమా? దుఃఖపడు తల్లీ, కాదనను. అన్నం తిని దుఃఖపడు. లోపలి బిడ్డ మన సంతాప సభకు రాలేదు. దానికి ఆకలి తప్ప ఏమీ తెలియదు.

సభాసదులారా, ఇక మౌనం పాటించాలి. లోకంలో దీనికి నిమిషాలు లెక్క. ఈనాడు ఆ లెక్క వద్దు. తెర వెనుక మన వీధి ఆడపడుచులు విస్తరి వేశారు. వేడి అన్నం, ముద్దపప్పు, తోటకూర, పెరుగు వడ్డించారు. శివపార్వతి లేవకూడదు. కడుపుతో ఉన్న తక్కిన తల్లులూ లేవకూడదు. మనమందరం లేచి నిలబడదాము. శివపార్వతి తిని చేయి కడుక్కునే వరకూ నిలబడదాము. తొందరపడకు తల్లీ. మారు వడ్డించుకో. మా కాళ్ళు లాగితే లాగనీ. బాలకోటయ్య గారికి మోకాళ్ళ నొప్పులు, ఆయన పందిరి గుంజకు ఆనుకుంటారు. మాకు ఆకలి వేస్తే వేయనీ. ఒక్క పూట ఆలస్యంగా తిన్నందువల్ల మాచర్లలో ఏ మగవాడూ చిక్కిపోడు.

లేవండి.

ఇకమీదట ఈ వీధిలో పుట్టే ప్రతి బిడ్డా కడుపు నిండిన తల్లికి పుట్టుగాక. ఆ తల్లి పురిటి మంచం దిగి, తన బిడ్డ నడకను, బడిని, పెళ్ళిని తన కళ్ళారా చూచుగాక.