ఖాళీ కుర్చీకి ఎదురుగా ముప్పై మూడేళ్లు

కళాశాలకు అత్యున్నత శ్రేణి దక్కిందన్న శుభవార్త వచ్చిన వేళకు వృక్షశాస్త్రం మాస్టారు ప్రయోగశాల కిటికీ దగ్గర నిలబడి సూక్ష్మదర్శిని అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. వారి పదవీ విరమణకు అప్పటికి పది రోజుల గడువుంది. అటెండరు రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"గ్రేడు వచ్చింది సార్. పైమెట్టు. మన పిల్లలు ఒకరు చెప్పకుండా సొంతంగా నేర్చుకుంటున్నారని కమిటీ వాళ్లు తెగ మెచ్చుకున్నారంట."

మాస్టారు అద్దాన్ని వెలుతురుకెత్తి చూశారు. "సొంతంగా నేర్చుకుంటున్నామని చెప్పడం పిల్లలకి ఎవరు నేర్పారు?"

"నెలరోజులు లెక్చరర్లందరూ నేర్పారు కదా సార్. బట్టీ పట్టించి మరీ," అన్నాడు అటెండరు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

ప్రిన్సిపాల్ గారి గదిలో మిఠాయిలు పంచారు. మాస్టారు ఒకటి తీసుకుని, బావుందని కూడా అన్నారు. వారి మనసు మాత్రం వరండా చివరి గది మీద ఉంది. ఆ గదిలో ప్రతి శనివారం పదింటికి జరిగే ఒక గంట తాము వెళ్లాక నిలుస్తుందా, తమతోపాటే గుమ్మం దాటిపోతుందా అన్నది వారికి ఈ ఉద్యోగంలో మిగిలిన ఒకే ఒక్క చింత. ఆ గంట కథే వారి ఉద్యోగ చరిత్ర గనుక, మా విభాగం తెస్తున్న ఈ సంచికలో దాన్ని మొదటినుంచీ చెప్పుకోవడం సముచితం.

మాస్టారు 1992 జూలై ఆరో తేదీ, సోమవారం నాడు ఈ కళాశాలలో ఉపన్యాసకులుగా చేరారు. గంభీరమైన కంఠం, తడబాటు లేని వాక్కు, నల్లబల్లపై అచ్చుగుద్దినట్టుండే బొమ్మలు వారిని తొలి ఏడాదిలోనే విద్యార్థులకు ఆరాధ్యులను చేశాయి. వారు చెప్పిన నోట్సు ఉంటే పుస్తకం తెరవక్కర్లేదని పేరు వచ్చింది. పిల్లలు నిజంగానే పుస్తకం తెరవడం మానేశారు.

వారు చేరిన మూడో ఏడు ప్రయోగ పరీక్షలో ఆ పేరు విలువ తేలింది. సూక్ష్మదర్శిని కింద మాస్టారు స్వయంగా కోసి పెట్టిన వేరు ముక్క ఉంది. ఏ వైపునుంచి చూసినా వేరే. అయితే ఆ ఏడాది నోట్సు చెబుతున్నప్పుడు వారు హడావిడిలో ఒకచోట వేరు బొమ్మ కింద కాండమని చెప్పారు. తరగతి తరగతంతా కన్ను అద్దానికి ఆనించి, వేరును కళ్లారా చూసి, తల ఎత్తి కాండమని రాసింది. బాగా చదివే పిల్లలైతే కాండం లక్షణాలు కూడా వరసగా రాశారు. తన మాట వారి కళ్లకు గంతలు కట్టిందని గ్రహించిన మాస్టారు ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఎవరితోనూ మాట్లాడలేదట. "జ్వరమేమో అనుకున్నాను. నుదురు చూస్తే చల్లగానే ఉంది," అని వారి శ్రీమతి గారు ఇప్పటికీ చెబుతుంటారు.

శనివారం గంట అలా పుట్టింది. విద్యార్థి తనకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి పట్టుకుని రావాలి. అది మాస్టారికీ తెలియనిదైతే మరీ మంచిది. ముందున్న కుర్చీ ఖాళీగా ఉంటుంది. మాస్టారు తమ ప్రశ్న తాము తెచ్చుకుని చివరి బెంచీలో, పిల్లల మధ్య కూర్చుంటారు. ఎవరైనా సందేహం అడిగితే "నీకేమనిపిస్తోంది?" అంటారు. రెండోసారి అడిగితే "ఏం చూశావు?" అంటారు. ఎదురుప్రశ్న మాస్టారన్న పేరు వారికి అక్కడే స్థిరపడింది. మొదట్లో పిల్లలు గింజుకున్నారు, పెద్దలు పాఠం చెప్పని లెక్చరరని ఫిర్యాదు చేశారు, సహోద్యోగులు టీ తాగుతూ నవ్వుకున్నారు. ఆ నవ్వినవారిలో కొందరు ఈ సంచికలో అభినందనలు రాస్తున్నారు, సంతోషం.

ఆ రోజుల్లోనే తనిఖీ బృందం ఒక శనివారం చెప్పాపెట్టకుండా వచ్చింది. గది నిశ్శబ్దంగా ఉంది, కుర్చీ ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గరి కుర్రాణ్ని ఒక పెద్దమనిషి అడిగారు, "మీ లెక్చరర్ గారేరీ?"

ఆ కుర్రాడు తన ముందున్న మొలకల మీంచి చూపు తిప్పకుండా, "చూడలేదండీ," అన్నాడు. అబద్ధం కాదు, అరగంటగా వాడు మొలకలను తప్ప దేన్నీ చూడలేదు. చివరి బెంచీలో మాస్టారు ఒక ఆకు అడుగుభాగం మీద భూతద్దం పెట్టి లోకం మరిచి ఉన్నారు. అధ్యాపకుడు గైర్హాజరని రాసుకుని బృందం వెళ్లిపోయింది. సంజాయిషీ అడిగితే మాస్టారు ఉన్నదున్నట్టు చెప్పారు: "నేనక్కడే ఉన్నానండీ. వాళ్లకి నా అవసరం పడలేదు. ఆ గంట పెట్టిందే అందుకు." ఇది పొగరుగా లెక్కకు వచ్చింది. పై తరగతుల పాఠాలు తీసేసి వారిని పరీక్షల విభాగంలో వేశారు. మొక్కల మధ్య ఉండవలసిన మనిషి ఆరేళ్లపాటు, ఒకే జవాబును వందలమంది ఒకే మాటల్లో రాసిన కాగితాల కట్టలకు లక్క ముద్రలు వేయించారు. శిక్ష వేసినవారికి హాస్యప్రియత్వం ఉందనుకోలేం గాని, కాకతాళీయమైనా అంతకంటే గురి చూసి కొట్టడం కష్టం. ఆ ఆరేళ్లలోనూ శనివారం పదింటికి ఆ గది తలుపు తెరుచుకుంటూనే ఉంది.

మాస్టారి అలవాటు ఇళ్లలోకి కూడా వెళ్లింది. విభాగంలో చివరగా చేరిన అధ్యాపకురాలికి పెళ్లయి రెండు నెలలు. తన భర్తకు మొక్కల మీద ఇష్టం కలగాలంటే ఏం చెయ్యాలని ఆమె మాస్టారిని అడిగింది. "ఆయనకి దేనిమీద ఇష్టమో నువ్వెప్పుడైనా అడిగావా అమ్మా?" అన్నారు మాస్టారు. ఆమె ఆ సాయంత్రమే అడిగింది. పాత రేడియోలని తెలిసింది. ఆ దంపతులు ఇప్పుడొక రేడియోను విప్పి, మళ్లీ బిగించడం రాక, మిగిలిపోయిన మరలను ఒక గిన్నెలో వేసుకుని, మహా సంతోషంగా ఉన్నారు. ఈ వ్యాసం రాసే పని ఆమెకు పడింది గనుక ఈ సంగతి ఇందులో చేరింది.

రెండేళ్ల కిందట పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ఉన్నత విద్యలో విద్యార్థి తనంత తాను నేర్చుకోవాలి, దానిని బట్టే కళాశాలకు శ్రేణి. దాదాపు ముప్పై ఏళ్లుగా ఆ పని జరుగుతున్న గది వరండా చివర ఉంది. అటువైపు ఎవరూ రాలేదు. దాని బదులు స్వయం అభ్యసనానికి పది లక్షణాలంటూ ఒక చిన్న పుస్తకం అచ్చయింది. దాన్ని లెక్చరర్లు తరగతిలో చదివారు, పిల్లలు రాసుకున్నారు, అప్పజెప్పారు. పరీక్ష కూడా పెట్టారు.

ఆ పరీక్షలో మేమంతా నాచమ్మాయని పిలిచే విద్యార్థినికి అందరికంటే తక్కువ మార్కులు వచ్చాయి. కళాశాల వెనక గోడకు ఒకచోటే పచ్చగా నాచు ఎందుకు పడుతోందన్నది ఆ అమ్మాయి శనివారపు ప్రశ్న. ఎండ లెక్క చూసింది, గాలి లెక్క చూసింది, ఇటుకలను తడిమి తడిమి చివరకు గోడలోపల నీళ్ల గొట్టం కారుతోందని తేల్చింది. ఆఫీసులో చెబితే, "మొక్కల సంగతి చూసుకోమ్మా, గొట్టాలతో నీకేం పని?" అన్నారు. వానలకు ఆ గోడ ఉబ్బి, పెళ్లలు ఆఫీసు బీరువాల మీదే పడ్డాయి. సొంతంగా నేర్చుకోవడమంటే ఏమిటన్న ప్రశ్నకు ఆమె తాను చేసిన ఈ పనినే రాసింది. పది లక్షణాల్లో ఒక్కటీ లేదని మార్కులు కోశారు.

"రీవాల్యుయేషన్ పెట్టనా సార్?" అని అడిగింది.

"గోడ పెట్టేసిందిగా," అన్నారు మాస్టారు. శనివారం గంట మొదలయ్యాక పిల్లల ప్రశ్నకు వారు తిన్నగా జవాబు చెప్పింది ఆ ఒక్కసారే.

ఈ అక్టోబరు ముప్పై ఒకటి, శుక్రవారం సాయంత్రం వీడ్కోలు సభ జరిగింది. ప్రిన్సిపాల్ గారు స్వయం అభ్యసనంలో మన కళాశాల సాధించిన ఘనతను గురించి చాలాసేపు, మాస్టారి సమయపాలన గురించి కాసేపు ప్రసంగించారు. శనివారం గంట ప్రస్తావన రాలేదు. సభ ముగిశాక మాస్టారు ఆయన దగ్గరికి వెళ్లి, కానుకలేవీ వద్దని, శనివారాలు ఆ చివరి గది తాళం పిల్లలకు ఇస్తే చాలని కోరారు.

"లెక్చరర్ లేకుండా పిల్లల్ని గదిలో ఎలా వదులుతామండీ? బాధ్యత ఎవరిది?" అన్నారు ప్రిన్సిపాల్. "అయినా రేపటినుంచి అది స్వయం అభ్యసన కేంద్రం. పెద్ద తెర పెట్టిస్తున్నాం. రికార్డు చేసిన పాఠాలు వస్తాయి, పిల్లలు కదలకుండా కూర్చుని వింటే చాలు. మీ ఆశయమే కదా మాస్టారూ."

మాస్టారు తాళం చెవి బల్లమీద పెట్టి బయటికి వచ్చారు. శ్రీమతి గారు ఆయన చేతిసంచి అందుకున్నారు. వెనక మెట్ల మీద శనివారం పిల్లలు నిలబడి ఉన్నారు. నాచమ్మాయి ముందుకు వచ్చింది.

"గది ఇవ్వరని తెలిసింది సార్. రేపు పదింటికి ఈ మెట్ల మీదే కూర్చుంటున్నాం."

సభంతా రాయిలా ఉన్న ముఖం ఒక్కసారి వెలిగింది. "మంచిదమ్మా. నేనో పావుగంట ముందే వస్తాను."

"మీరు రావద్దు సార్."

శ్రీమతి గారు సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నారు.

"మీరు వెనక కూర్చున్నా సరే, చిక్కొస్తే మెడలన్నీ అటే తిరుగుతాయి," అంది ఆ అమ్మాయి. చూపు దించలేదు. "మీరు లేకుండా ఒకసారి చేసి చూడాలి సార్."

మాస్టారు మెట్లవైపు చూశారు. "మరి శనివారం పదింటికి నేనేం చెయ్యాలి?"

"మీకేమనిపిస్తోంది సార్?"

ముందుగా నవ్వింది శ్రీమతి గారు. "ఇన్నేళ్లు నావల్ల కాలేదు. నీ చేతిలో చిక్కారమ్మా," అన్నారు. మాస్టారు కూడా నవ్వారు. నవ్వుతూనే కళ్లద్దాలు తీసి, సూక్ష్మదర్శిని అద్దాన్ని తుడిచినంత శ్రద్ధగా తుడుచుకున్నారు.

మాస్టారికి మసకబారని చూపు, మెట్లెక్కగల మోకాళ్లు, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేని నూరేళ్ల పొద్దులు కలగాలని మా విభాగం మనసారా కోరుకుంటోంది. ఇది రాస్తున్న ఈ శుక్రవారం రాత్రికి ఆ శనివారం ఇంకా రాలేదు. రేపు ఉదయం పదింటికి వెనక మెట్ల మీద కూర్చుంటారు. ప్రశ్నలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. కుర్చీ వెయ్యరు. మాస్టారు ఇంట్లో ఉంటారు.