కొంగు కింద

ఆ రోజు ఇంట్లో పద్మలత, ఆమె అమ్మ, మేనమామ ఉన్నారు. అవ్వ వాకిట్లో చింతగింజలు తీస్తోంది. నాయిన మేడ్చల్ వెళ్ళాడు. మంచినీళ్ళు తెచ్చిన పద్మలత గడప దగ్గరే ఆగిపోయింది. మంచం మీద రెండు రివాల్వర్లున్నాయి.

"పొడుగుదాని గురి మంచిదక్కా. పొట్టిదైతే మస్తు దగ్గరికి పోవాలె," అన్నాడు మామ.

"గృహప్రవేశంల బట్టలు పెట్టేటప్పుడు రాఘవేందర్ నాకెంత దూరముంటడు?"

"చెయ్యి చాపితే అందుతడు."

"అయితే పొట్టిదే ఇయ్యి. నా కొడుకును సంపిండు. రావల్కోల్‌ల మన పొలంల ఇల్లు గట్టిండు. మల్ల నాకే కార్డు పంపిండు. కోర్టు ఇడిసిపెట్టింది గని, నేను ఇడువ."

"గుండ్లు రెండు తీర్లున్నయి. రాగి తొడుగుది అవుతలికెల్లి పోతది. ఉత్త సీసంది లోపల్నే ఉంటది."

"లోపల్నే ఉండాలె. నా దుఃఖం ఏడికన్న పోయిందా?"

"బావకు జెప్పినవా?"

"రేపు ఊరోళ్ళే జెప్తరు."

అమ్మ పొట్టి రివాల్వర్‌ను బొడ్లో దోపుకొని, కొంగు కప్పుకొని, గదిలో అటూ ఇటూ నడిచింది.

"బిడ్డా, కనవడుతాందా?"

ఏమీ కనబడడం లేదు. అన్న పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో పద్మలతను ఎవరూ ఏదీ అడగలేదు.

"కనవడుతాందమ్మా," అంది పద్మలత. "మొత్తం కనవడుతాంది. అందరు గుర్తువడ్తరు."

మామ తల దించుకున్నాడు. అమ్మ అద్దంలో తన నడుము వైపు ఒకసారి చూసుకుంది. కూతురి చేతిలోని చెంబు తీసుకుంది.

"నీకు అబద్ధమాడుడు రాదు బిడ్డా. అవ్వ తాన కూసో పో," అని, ఆమెను మెల్లగా గడప దాటించి తలుపేసింది.