అయిదు మూలల తాళంచెవి

హలో… ఆ, నేనే. తుపాకీల కొట్టుకి ఫోన్ చేస్తే నేను కాక చర్చి ఫాదర్ ఎత్తుతాడా?… ఎవరూ?… గట్టిగా చెప్పాలి నాయనా, నలభై ఏళ్లు తుపాకులు పేల్చి చూసిన చెవులివి…

రువానా! ఒరేయ్, లోరెన్స్ పెద్దకొడుకువి!… ఇన్నాళ్లకి గుర్తొచ్చాన్రా ఈ వెస్సెల్ బాబాయి? మీ నాన్న సమాధి దగ్గర చూసిందే నిన్ను… రెండేళ్లు. ఔను, రెండేళ్లు… వాల్విస్ బేలో చేపల ఓడలు బాగున్నాయా?… సరే సరే, కుశలప్రశ్నలొద్దు. అరవడానికే చేశావు, అరుచుకో…

…

ఊఁ… అయిపోయిందా?… ఇంకా ఉందా? కానియ్. కాఫీలో రస్కు ముంచుకుంటున్నాలే…

అయితే పార్శిల్ అందిందన్నమాట… ఔను, మూడొందల ఎనిమిది తూటా పట్టే తుపాకీ గొట్టమే… ఔన్రా, నువ్వడిగింది మూడొందల డెబ్బై అయిదే. నీ ఉత్తరం నా ముందే ఉంది. ఆ అంకె కింద రెండు గీతలు కూడా కొట్టావు… ఏనుగులతో నీకేం పగరా?… ఈలండ్‌కా? ఈలండ్ ఎంత బలిసినా జింక జాతేగా! మీ నాన్న ఇరవై ఆరు ఈలండ్లని మూడొందల ఎనిమిదితోనే పడుకోబెట్టాడు. ఒక్కటైనా లేచొచ్చి, తూటా చిన్నదైందని ఫిర్యాదు చేసిందా?

ఏంటీ… కొనేశావా? తూటాలా?… ఎన్ని పెట్టెలు?… నాలుగా! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! నమీబియా మొత్తం మీద, గొట్టం రాకముందే తూటాలు కొన్నవాణ్ణి నిన్నే చూశా… పట్టవురా! సుత్తితో కొట్టినా పట్టవు… సుత్తి మాట ఊరికే అన్నా, దాన్ని కింద పెట్టు!

ఒరేయ్, కాస్త ఓపిగ్గా విను. ఇది మీ నాన్న మీ ముగ్గురికీ కలిపి చెయ్యమన్న తుపాకీ. గొట్టాలు మూడు, మిగతాదంతా ఒకటే. ఎవరు కాలిస్తే వాళ్ల గొట్టం బిగించుకుంటారు… ఆ. భుజానికి ఆనించే కర్ర ఒకటి, బోల్టు ఒకటి. ఆ బోల్టు తూటాని వెనక నుంచి, అడుగు దగ్గర పట్టుకుంటుంది. మీ చెల్లి మార్లీస్ అడిగింది రెండొందల నలభై మూడు. మీ తమ్ముడు దానీ ఏడు మిల్లీమీటర్లది అడిగాడు. నీకు పంపింది మూడొందల ఎనిమిది. మూడింటికీ ఇత్తడి గుల్ల ఒకటేరా. మెడ ఒకదానికి సన్నం, ఒకదానికి లావు, అంతే తేడా. అడుగు ఒక్కటే… ఔను, ఒక తల్లి బిడ్డలు. నువ్వడిగిందే పొరుగింటిది. దాని అడుగు వెడల్పు, ఈ బోల్టుకి పట్టదు…

ఇంకో బోల్టా?… చెయ్యను… డబ్బు సంగతి కాదన్నానా! మీ నాన్న ఒకటే అన్నాడు. ఒకటే చేశా… ఏంటీ? పెద్దకొడుక్కి పెద్ద తూటా ఇవ్వాలని ఏ బైబిల్లో ఉందిరా?…

కర్రా? అది మార్లీస్ భుజానికి కొలిచి చేశా… అరవకు! పొట్టి కర్రతో పొడుగువాడు కాల్చగలడు. పొడుగు కర్రతో పొట్టిమనిషి కాల్చలేదు. నువ్వు కాస్త మెడ వంచితే చాలు… తెలుసు, నీకు వంచడం అలవాటు లేదు. నేర్చుకో…

ఏంటి, గొంతు తగ్గించావు? పక్కన ఎవరైనా ఉన్నారా?… ఊఁ… ఊఁ… కర్రా బోల్టూ నీ దగ్గరే ఉంచాలా. వాళ్లకి గొట్టాలు చాలా. ఈ సంగతి వాళ్లకి చెప్పకూడదా… బాగుంది. ఆ మాటన్న వాళ్లలో నువ్వు మూడోవాడివి… నిజంరా! కిందటి మంగళవారం మార్లీస్, బుధవారం దానీ. ముగ్గురూ ఇలాగే గొంతు తగ్గించారు. ముగ్గురూ ‘నువ్వు దేవుడివి బాబాయ్’ అన్నారు. మీరు ముగ్గురూ ఒకే మాట మీద నిలబడ్డం ఇదే మొదటిసారి!…

ఎక్కడున్నాయా? పంపించేశా. కర్ర మార్లీస్‌కి. బోల్టు దానీకి… నీకు అన్యాయమా? నీకూ పంపాగా… గొట్టం కాదురా, దాంతోపాటు చిన్న కవరు లేదూ?… ఆ, వంకరగా ఉన్న ఇనప ముక్క. అదే…

ఏం చేశావూ?…

బీరు సీసా మూత తీశావా!… ఓరి నీ… ఎన్ని సీసాలు?… ఆరా! వంగలేదు కదా? వెలుతుర్లో పెట్టి చూడు. కొసకి గీత పడిందా?… సరిగ్గా చూడు… లేదు కదా. ప్రభువు దయ…

దేనికా? తాళంచెవిరా అది! గొట్టం బిగించాలన్నా విప్పాలన్నా దాంతోనే. అది లేకపోతే మార్లీస్ దగ్గరున్నది తెడ్డు, దానీ దగ్గరున్నది మేకు… బజార్లో దొరకదు. బజార్లోవి ఆరు మూలలవి. కొసకున్న మూలలు లెక్కపెట్టు… ఎన్ని?… మళ్లీ లెక్కపెట్టు… ఆ. అయిదు.

…నేను కాదు చేసింది.

మీ నాన్న.

ఔన్రా… పోయేముందు, ఆ డిసెంబరు వేసవి ఎండల్లో. రోజూ ఇక్కడికొచ్చి, నా బల్ల దగ్గర కూర్చుని ఆకురాయితో రాకేవాడు. చేతులు వణికేవి. రెండు పాడయ్యాయి, మూడోది అది. ‘ఇలా ఇవ్వు, పది నిమిషాల్లో చేసిస్తా’ అంటే నన్ను బూతులు తిట్టాడు. ‘వెస్సెల్, పొలాన్ని మూడు ముక్కలు చెయ్యడం తేలిక. ఆ ముగ్గుర్నీ ఒక నిప్పు చుట్టూ కూర్చోబెట్టడమే నా వల్ల కావట్లేదు’ అన్నాడు… ఔను, ఆయనకి ముందే తెలుసు. సమాధి మట్టి ఆరకముందే, ఆయన వేటలో వండే మూడు కాళ్ల ఇనప కుండ కోసం కొట్టుకున్నారుగా మీరు! తలో కాలూ పట్టుకుని! నేను చూశా. చర్చి ఫాదరూ చూశాడు…

రువాన్, ముక్కు చీదుకో, పర్లేదు. చెవి దూరం పెట్టుకుంటాలే…

…లేదురా. తక్కువ చెయ్యలేదు నిన్ను. చీటీ రాసిచ్చాడు, ఆగు, చదువుతా… ‘తాళంచెవి పెద్దాడికి. వాడు కదిలితేనే వేట.’ అంతే ఉంది. మొన్నటిదాకా ఆ తాళంచెవి నీ చేతికే ఇద్దామని దాచా. నువ్వు ఫోనే చెయ్యకపోతివి, పార్శిల్లో పడేశా…

ఏమని మొదలెట్టాలా? ‘బాగున్నావా చెల్లీ’ అను. ఆ మాటకి అయిదు మూలలు అక్కర్లేదు… కుండ ఊసెత్తకు. కుండ ఆమె దగ్గరుంటే ఏం, ఉల్లిపాయలు నువ్వు పట్టుకెళ్లు. జూలై రెండో శనివారం, పొలంలో కలుద్దామను… మీ నాన్న వేట మొదలెట్టే రోజేగా. ఎండుమాంసం వేలాడదీసే తీగ కూడా అలాగే ఉందట…

ఆ కూత ఏంటి, నీ వైపు?… ఇంకో ఫోన్ వస్తోందా?… ఎవరు?… పేరు చదవరా…

మార్లీసా! ఆమెకి పార్శిల్ ఇవాళ మధ్యాహ్నం అందుండాలి. ఓ చీటీ పెట్టాన్లే, ‘తాళంచెవి మీ అన్న దగ్గర’ అని… నన్ను తర్వాత తిట్టుకో… ఎత్తు… ఎత్తరా! ఒరేయ్, ఆ బీరు సీసాల సంగతి మాత్రం చెప్ప—

హలో?… రువాన్?… హలో?…

హమ్మయ్య. పెట్టేశాడు.