మూడో గ్లాసు

నేలమాళిగలో వరుసగా కూర్చున్నది మా ఊరి వైన్ పరీక్షా సంఘం: అధ్యక్షులు మొస్యే గిరోడో, ఆయన పక్కన మదామ్ పెర్నే, చివర కార్యదర్శిని నేను. ఈ ఏడు ఏ ఎర్రవైన్‌ను సీసా మీద ఊరి పేరు వేసి అమ్మనివ్వాలో తేల్చాలి. గ్లాసుల మీద అంకెలే తప్ప పేర్లు లేవు.

“మూడోది పుల్లబారింది. ఊరి పేరు పెట్టకూడదు,” అన్నారు అధ్యక్షులు.

“ఇంకో గుక్క తాగి చెప్పండి, గిరోడో గారూ,” అన్నారు మదామ్ పెర్నే.

“తాగాను.”

“ఎవరి తోటదో పోల్చుకున్నారా?”

“నలభై ఏళ్లుగా నా భోజనంలో తాగుతున్నదమ్మా అది.”

“పేరు లేకపోతే ఈ ఏడు ఎవరూ కొనరు. కాసేపు నోరు మూసుకుంటే మీ సొమ్మేం పోయింది?”

“మీ వైన్ అయితే మూసుకునేవాణ్ణా?”

“నాదైతే ఈపాటికి నాలుగు తిట్టేవారు.”

“మరింకేం. కార్యదర్శిగారూ, రాయండి.”

తన వైన్‌ను తానే తిరస్కరించిన మొస్యే గిరోడో నిజాయితీని ఈ సంఘం తరఫున కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేయడమైనది.