నల్ల జీలకర్ర మచ్చు

ఆసుపత్రి అత్యవసర వార్డు బయట ఒక బెంచీ. లోపల బాలింత కూతురు, బెంచీ మీద తల్లీ తండ్రీ. మసాలా దినుసుల గోదాములో సరుకు వాసన చూసి మంచీ చెడూ తేల్చే ఉద్యోగం ఆయనది; బజార్లో అందరూ ఆయన్ని ముక్కుగారనే పిలుస్తారు.

“ఆ పొడి సంగతి మాత్రం ఎత్తకు.”

“ఏ పొడి?”

“ఏ పొడా? నువ్వు వేయించి, దంచి, తేనెలో కలిపి అమ్మాయికి పెట్టిన పొడి. నల్ల జీలకర్ర.”

“డాక్టరమ్మ అడిగితే?”

“అన్నం తిన్నది, పాలు తాగింది అని చెప్పు. అంతే.”

“బాలింతకి పాలు బాగా పడతాయని పెట్టాం కదండీ. చెబితే తప్పేముంది? మా అమ్మ నాకు పెట్టింది, నేను దానికి పెట్టాను.”

“తప్పేం లేదు. అందుకే చెప్పొద్దంటున్నా. లేని తప్పుని తెచ్చి మన నెత్తిన పెడతారు వీళ్ళు. ఎక్కడిదీ సరుకంటారు. గోదాములోది అంటాం. ఎవరు చూశారంటారు. నేనేనంటాను. ఎలా చూశావయ్యా అంటే? అప్పుడేం చెప్పను? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది.”

“మెల్లగా మాట్లాడండి.”

“మెల్లగానే మాట్లాడుతున్నా.”

“లేదు, అరుస్తున్నారు. ఆ చీపురావిడ ఇటే చూస్తోంది.”

“చూడనీ. జ్వరంతో నా ముక్కు పోయిందని షావుకారుకి తెలిస్తే రేపట్నించి గోదాము గడప తొక్కనిస్తాడా? వాసన తెలియని ముక్కుగారిని ఏం చేసుకుంటాడు, ఊరగాయ పెట్టుకుంటాడా?”

“ఆ మాట ఇప్పుడెందుకు…”

“ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చామంటే నీ చలవే. నేను బస్తాలోంచి గుప్పెడు మచ్చు తీసి జేబులో వేసుకొస్తాను. నువ్వు వంటింట్లో నలిపి వాసన చూస్తావు. నేను పొద్దున్నే వెళ్ళి పెద్ద మొనగాడిలా తీర్పు చెబుతాను. ‘ముక్కంటే మీదేనండీ’ అంటాడు షావుకారు. నాకు లోపల్లోపల నవ్వొస్తుంది. ముక్కు నీది, పేరు నాది.”

“నాకు నవ్వు రావట్లేదండీ.”

“ఇప్పుడు నాకూ రావట్లేదులే.”

“చెప్పేద్దాం.”

“మళ్ళీ మొదటికొచ్చావు. ఈ సరుకు నువ్వు చూడలేదా?”

“చూశాను.”

“ఏమన్నావు?”

“ఏమన్నాను?”

“‘అబ్బ, కళ్ళలో నీళ్ళు తిరిగేంత ఘాటు’ అన్నావు. అన్నావా లేదా?”

“అన్నాను.”

“మరి? మంచి సరుకు కాబట్టే కదా మన పిల్లకని దోసెడు ఇంటికి తెచ్చింది.”

“ఆ బస్తాలన్నీ గోదాములోనే ఉన్నాయా?”

“నిన్ననే పోయాయి. సగం రొట్టెల బట్టీలకి, రొట్టె పైన చల్లుకోడానికి. సగం గానుగకి. కీళ్ళనొప్పులకి రాసుకునే నూనె తీస్తారుగా. ఎందుకడుగుతున్నావు?”

“ఊరికే.”

“ఊరికే అడిగే ముఖమేనా అది?”

“బాలింత తాలూకు వాళ్ళు మీరేనా?”

“మేమే సిస్టరమ్మా. ఎలా ఉంది మా అమ్మాయికి?”

“వాంతులు ఆగలేదు. ఒకటే చెమటలు, నోట్లోంచి నురగ వస్తోంది. చేతులు వణుకుతున్నాయి. పసిబిడ్డ కూడా డస్సిపోయింది, తల్లిపాలు ఆపించాం. ఒంట్లోకి పురుగుమందేదో వెళ్ళిందని డాక్టరమ్మ అనుమానం. ఇంట్లో అలాంటిదేమైనా…”

“మా ఇంట్లో పురుగుమందా? లేదమ్మా.”

“ఏమీ అనుకోకండి. మొగుడూ పెళ్ళాలకి గొడవలేమైనా…”

“అల్లుడు బంగారం. అలాంటివేం లేవు.”

“నాటుమందు, పొడి, కషాయం?”

“అదీ… సిస్టరమ్మా, మేము…”

“ఏం పెట్టలేదమ్మా. అన్నం, పాలు. అంతే.”

“సరిగ్గా గుర్తుచేసుకోండి పెద్దాయనా. ఏ మందో తెలిస్తే దానికి తగ్గ విరుగుడు ఇస్తారు. తెలియకపోతే చీకట్లో బాణం వేసినట్టే. నేను మందుల గదికి వెళ్ళొస్తా, ఈలోగా ఆలోచించండి.”

“నా మాటకి అడ్డమొచ్చారేం?”

“నువ్వు నోరు జారబోయావు.”

“అది లోపల నురగ కక్కుతుంటే మీకు నా నోరు జారడమే కనబడిందా?”

“అది నాకు మాత్రం బిడ్డ కాదా? లోకంలో ఎవరైనా నల్ల జీలకర్ర తిని నురగ కక్కారా? జలుబు చేస్తే మూటకట్టి పీలుస్తారు, కడుపుబ్బరిస్తే నమిలి మింగుతారు. నా ముక్కు తిరిగొస్తుందని నువ్వే కదా, రోజూ పొద్దున్నే దాన్ని నలిపి గుడ్డలో కట్టి నా ముఖాన పెట్టావు? ముందు నువ్వు పీల్చి, ‘ఆహా, ఎంత బాగుందో, మీకేమైనా తెలుస్తోందా’ అనేదానివి. నేను చచ్చానా?”

“ఒకటి చెప్పనా? కోప్పడకూడదు.”

“చెప్పు.”

“వేయించే ముందు కడిగాను.”

“కడిగితే?”

“నీళ్ళు ఎర్రబడ్డాయి.”

“ఎర్రబడ్డమేమిటి?”

“ఎరుపంటే… గులాబీ రంగు. మట్టేమో అనుకున్నా. రెండోసారి కడిగితే తగ్గింది.”

“నల్ల జీలకర్రకి గులాబీ రంగెక్కడిదే? అప్పుడే నాకెందుకు చెప్పలేదు? నీకీమధ్య పరధ్యానం ఎక్కువైంది. మొన్నటికి మొన్న పొయ్యి మీద పాలు మాడి బొగ్గయితే, పక్కింటావిడ తలుపు కొట్టేదాకా నీకు తెలియలేదు.”

“బాలింత పనిలో ఉన్నానండీ.”

“ఉండు, ఉండు. రంగు వేసేది విత్తనాలకి. నాటే ఉల్లి విత్తనానికి పురుగుమందు పట్టించి, ఎవరూ తినకుండా గుర్తుగా రంగు కలుపుతారు. ఉల్లి విత్తనమూ ఇలా నల్లగానే ఉంటుంది, రెండూ కలిపి పోస్తే చూపుతో నేనే తేల్చలేను. అమ్ముడుపోని విత్తనాన్ని ఎవడో కడిగి, ఆరబోసి, ఇందులో కలిపి మాకు అంటగట్టాడంటావా?”

“నేనేమీ అనడం లేదు. మీరే అంటున్నారు.”

“కాదు, కాదు. కలిస్తే నీకు తెలిసిపోయేది. ఉల్లి విత్తనాన్ని ఎంత నలిపినా ఆ ఘాటు రాదు. నువ్వు నలిపావు కదా?”

“నలిపాను.”

“వాసన వచ్చింది కదా?”

“సిస్టరమ్మని పిలవండి.”

“వచ్చిందా లేదా అంటే?”

“పిలవండి ముందు! మీ ఉద్యోగం పోతే పోయింది. నాలుగిళ్ళలో గిన్నెలు తోమైనా బతుకుదాం. అది పోతే ఏం చేసుకుని బతుకుతామండీ?”

“సిస్టరమ్మా! ఓ సిస్టరమ్మా! ఇలా రా తల్లీ. ఇందాక అబద్ధం చెప్పాను. నల్ల జీలకర్ర పొడి పెట్టాం, నిన్న రాత్రీ ఈ పొద్దున్నా. అందులో ఉల్లి విత్తనం కలిసిందేమో. మందు పట్టించిన విత్తనం.”

“అయ్యో పెద్దాయనా, ఇందాకే చెప్పొద్దా! ఏ మందు?”

“అది నాకు తెలియదు. షావుకారుకి ఫోన్ చేసి, సరుకు ఎవడిచ్చాడో, ఏం పట్టించాడో అడుగుతా. బట్టీలకీ గానుగకీ పోయిన బస్తాలు ఆపమంటా. కాళ్ళు పట్టుకుంటా.”

“వెంటనే చెయ్యండి. ముందు నాకు వాసన చెప్పండి, డాక్టరమ్మకి అదైనా ఆధారం. కొన్ని మందులు వెల్లుల్లిలా కొడతాయి, కొన్ని కిరసనాయిలులా. వేయించేటప్పుడు ఎలా ఉంది?”

“నన్నడిగి లాభం లేదమ్మా. పోయినేడు జ్వరంలో నా ముక్కు చచ్చిపోయింది. ఎవరికీ చెప్పని మాట మీకు చెబుతున్నా. ఈమెని అడగండి. మచ్చు చూసిందీ ఈమే, వేయించిందీ ఈమే. ఏడాదిగా గోదాము సరుకంతా ఈమె ముక్కు మీదే నడిచింది. ఈమె ముందు నేను మంచి రోజుల్లో కూడా దిగదుడుపే. చెప్పవే.”

“చెప్పండమ్మా, త్వరగా. ఏం వాసన వచ్చింది?”

“ఏడుపు తర్వాత, ముందు చెప్పు!”

“ఏం చెప్పమంటారండీ? ఆ జ్వరంలో మీ పక్కన అదే మంచం మీద నేనూ పడి ఉన్నాను కదా. ముక్కు పోయింది, బతుకు పోయిందని మీరు వెక్కి వెక్కి ఏడుస్తుంటే, నాకూ పోయిందని ఎలా చెప్పను? మచ్చు నాలిక మీద వేసుకునేదాన్ని సిస్టరమ్మా. చేదు తగిలితే ఘాటుగా ఉందనేదాన్ని. మొన్నటిదీ చేదుగానే ఉందమ్మా.”