పాటల పంపకం

అన్నదమ్ములు వేరు పడ్డాక నాందేడ్‌లోని ఆ ఇంటి వాకిట్లో కొత్త గోడ లేచింది. మొగవాళ్లు పనికి పోగానే తోడికోడళ్లిద్దరూ గోడకు చెరో పక్క టేప్‌రికార్డర్లు పెట్టుకుని కూర్చున్నారు.

“అక్కా, నీ క్యాసెట్‌ల బావ గొంతు ఒక్కటేనా?”

“ఒక్కటే. నీ దాంట్ల?”

“మా ఆయన గిటార్ ఒక్కటే. ఇద్దరు కలిసి ఏండ్లకేండ్లు గోసపడి రాక్ ఆల్బమ్ చేసిన్రు. ముఖేడ్ నుంచి వాళ్ల మేనమామ అచ్చి, చాయ్ తాగేలోపల పంచిపెట్టిండు.”

“ఇల్లు పంచిండు, చేను పంచిండు, ఆ ఊపు మీదున్నడు. నోటితోని చేసింది పెద్దోనికి, చేతితోని చేసింది చిన్నోనికి అన్నడు. మీ బావ గూడ బరాబర్ అని తల ఊపిండు!”

“మా ఆయన ఊపలేదా? మరి ఇద్దరిది కలిసున్న టేపు?”

“మళ్ల లొల్లి అద్దని ఆ మేనమామనే దగ్గరుండి చెరిపిచ్చిండు.”

“సరే, ఇద్దరం ఒక్కసారే నొక్కుదాం. ఏక్, దో, తీన్!”

“నొక్కిన.”

“కలిసింది అక్కా! అచ్చం మునుపటి లెక్కనే...”

“ఆగు. మీ గిటార్ ముందుకు ఉరుకుతున్నది.”

“ఏం కాదు, బావనే ఎనుక పడుతున్నడు.”

“ఇగో, మనం గూడ షురూ చేసినమా?”

“లేదక్కా... నా టేపే జర తొందర పడుతున్నది.”

“నాదే మెల్లగ నడుస్తున్నది చెల్లె. మళ్ల మొదటికెళ్లి పెట్టు.”

“ఎన్నిసార్లు పెట్టినా గిట్లనే అయితది గదా?”

“అయితది. పెట్టు.”